మహిమకు మరమ్మతు

జీపులో హీటరంటే మైదానం వాళ్ళు నవ్వుతారు. మా మబ్బులమెట్టకి పుష్యమాసంలో వస్తే నవ్వడానికి పళ్ళు ఖాళీగా ఉండవు. అవి టకటకలాడుతుంటాయి. ఆ రోజుల్లో ఆసుపత్రి జీపు ముందద్దానికి లోపల ఆవిరి పట్టేస్తుంది. వేడిగాలి తగిలితేనే అది తేటపడుతుంది. లేకపోతే డ్రైవరూ గుడ్డివాడూ ఒకటే. గుడ్డివాడు కొండ మలుపుల ఘాటీ దిగకూడదు.

ఆ డ్రైవర్ని నేను.

హీటరులో పెద్ద విద్యేమీ లేదు. ఇంజనులో కాగిన నీళ్ళు డాష్‌బోర్డు వెనక ఒక చిన్న రేకుపెట్టెలో తిరిగి పోతుంటాయి. ఫ్యాను దాని మీంచి గాలి కొడుతుంది. ఆ పెట్టెని హీటర్ కోర్ అంటారు. బడిపలకంత ఉంటుంది. మా జీపులో అది చిల్లిపడింది. వేడిగాలి బదులు ఆవిరి వచ్చేది, బెల్లప్పాకం వాసనతో. అద్దం తేటపడటం పోయి దాని మీద జిడ్డు తెర దిగింది. ఎడమ సీటు ముందు, కాళ్ళు పెట్టుకునే చోట, పచ్చటి నీళ్ళు బొట్టు బొట్టుగా కారేవి.

మెకానిక్ గవర్రాజు తల లోపలికి దూర్చి చూసి బయటికి తీశాడు.

"రెండు గొట్టాలూ కలిపి కట్టేత్తే కారడం ఆగుద్ది పైడన్నా. ఏడిగాలి కూడా ఆగుద్ది. ఏడి కావాలంటే కోర్ మార్చాల. కోర్ మార్చాలంటే డాష్‌బోర్డంతా ఊడదియ్యాల. స్టీరింగుతో సహా."

"ఎంతసేపు?"

"పొద్దున మొదలెడితే దీపాలేళకి. నువ్వు పక్కన కూచుని సలహాలియ్యకపోతే ఇంకా ముందే."

వేడి ఎందుకు కావాలో డాక్టరమ్మ హేమలతకి తెలుసు. పైన గూడెంలో వంతల చిలకమ్మకి నెలలు నిండుతున్నాయి. రెండేళ్ళ కిందట ఆమె మొదటి కాన్పుకి జీపు లేకపోతే క్యాబేజీల వ్యానులో కిందికి దించారు. బిడ్డ ఘాటీలోనే పుట్టింది. రోగమేమీ లేదు. చలికి పోయింది. తల్లికి రక్తం పోయి ప్రాణం మాత్రం మిగిలింది. మా ఆసుపత్రిలో రక్తం నిలవ ఉండదు, కింద పెద్దాసుపత్రిలో ఉంటుంది. ఈసారి చిలకమ్మని జీపులోనే దించాలి, జీపు వెచ్చగా ఉండాలి. డాక్టరమ్మ ఎవరెవరి కాళ్ళో పట్టుకుని కొత్త హీటర్ కోర్ తెప్పించింది. అట్టపెట్టెలో భద్రంగా ఉంది. మర్నాడు బిగించేస్తే అయిపోయేది.

సరిగ్గా మర్నాడే భుజంగరావు వచ్చాడు.

ఆయన పుణ్యస్థలాల గుర్తింపు మండలిలో అధికారి. ఆ ఏడాది పైవాళ్ళకి భక్తి ముదిరి, ప్రతి మండలంలోనూ ఒక మహాక్షేత్రం ఉండి తీరాలని ఉత్తర్వు వేశారు. లేనిచోట కనిపెట్టాలి. కనిపెట్టని అధికారికి బదిలీ. గుర్తింపుకి నియమాలున్నాయి. దేవుడి మీద కప్పుండాలి. మానవ ప్రయత్నం లేకుండా ధూపం, పరిమళం, తీర్థం వెలువడాలి. మా కొండ దేవతలంతా రాళ్ళ మీద, చెట్ల కింద ఉంటారు. కప్పు లేని దేవుడు లెక్కలోకి రాడు. భుజంగరావు వారం రోజులు కొండలన్నీ తిరిగి, జలుబు చేసి, బిళ్ళ కోసం ఆసుపత్రికి వచ్చాడు.

అప్పుడు జీపు ఇంజను ఆన్‌లో ఉంది. చిల్లి ఎక్కడుందో గవర్రాజు డాక్టరమ్మకి చూపిస్తున్నాడు. డాష్‌బోర్డు మీద అంగుళమున్నర వినాయకుడున్నాడు. నాకు ముందు చేసిన డ్రైవరు అతికించాడు. నేను పీకలేదు, దణ్ణమూ పెట్టలేదు. నా భార్య పురిట్లో పోయినప్పటి నుంచి దేవుడికీ నాకూ మాటల్లేవు. ఒకే బండిలో తిరుగుతాం, అంతే.

ఆ వినాయకుడి కాళ్ళ దగ్గర గాలికంతలోంచి తెల్లటి ఆవిరి లేస్తోంది. బెల్లప్పాకం వాసన. కింద బొట్టు బొట్టుగా పచ్చటి నీళ్ళు.

భుజంగరావు చెప్పులు విడిచేశాడు.

"ఆపండి! ఎవరూ ముట్టుకోవద్దు!"

"ఏటైనాది బాబూ?" అన్నాడు గవర్రాజు, చేతిలో స్క్రూడ్రైవరుతో.

"ధూపం... పరిమళం... తీర్థం..." ఒక్కోటీ వేలు మడిచి లెక్కపెట్టాడు. తల పైకెత్తి చూశాడు. "కప్పు కూడా ఉంది!"

"అది టాపండీ," అన్నాను.

డాక్టరమ్మ ముందుకొచ్చింది. "సార్, హీటర్ లీకవుతోంది. అది ఇంజను నీళ్ళు. అందులో కలిపే మందు విషం. దయచేసి నోట్లో పెట్టుకోకండి."

అప్పటికే ఆయన అరిచెయ్యి పట్టి నాలిక్కి తగిలించాడు. కళ్ళు మూసుకున్నాడు.

"తియ్యగా ఉంది. విషం తియ్యగా ఉంటుందా?"

"ఉంటుంది సార్. అదే ప్రమాదం."

"పాలసముద్రం చిలికితే మొదట వచ్చింది కూడా విషమే డాక్టరుగారూ. పురాణాలు కాస్త తిరగెయ్యండి."

సాయంత్రం దాకా ఆయన్ని మా మంచం మీదే పడుకోబెట్టి కనిపెట్టుకుని ఉంది డాక్టరమ్మ. ఒక్క చుక్కే కాబట్టి ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడం రెండో మహిమ అని ఆయన అక్కడే పడుకుని రాశాడు. ఉత్తర్వు వచ్చేదాకా ఎవరూ విప్పకుండా తన గుమాస్తాని జీపుకి కాపలా పెట్టాడు.

వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. జీపులో మహిమ ఉందన్న ఉత్తర్వు ఇంత తొందరగా వస్తుందని తెలిస్తే, టైర్లు కావాలని అడిగినప్పుడల్లా మహిమ ఉందనే రాసేవాణ్ణి.

"మబ్బులమెట్ట వైద్యశాలకు చెందిన వాహనమునందు స్వయంభూ ధూప పరిమళ తీర్థములు వెలువడుచున్నట్లు నిర్ధారణ అయినందున, సదరు వాహనమును చలనాలయముగా గుర్తించడమైనది. డాష్‌బోర్డు గర్భాలయముగా పరిగణింపబడును. గర్భాలయమును విప్పుట, సడలించుట, అందు మేకులు త్రిప్పుట నిషేధము. వాహనము యథావిధిగా ప్రజాసేవలో కొనసాగవచ్చును."

చివరి వాక్యం చదివి డాక్టరమ్మ కాస్త ఊపిరి పీల్చుకుంది. కొత్త ఉద్యోగం కదా, ఇంకా ఉత్తర్వులు చదవడం రాదు.

భుజంగరావుని చలనాలయానికి కార్యనిర్వహణాధికారిగా వేశారు. సంతకం చేసే అధికారం ఆయనొక్కడిదే. గోదావరి వైపు నుంచి ఒక అర్చకుణ్ణి పంపారు. పాపం ఆయన ఉత్తరీయం తప్ప ఏమీ తెచ్చుకోలేదు. పొద్దున్నే జీపులో కూర్చుని మంత్రం మొదలుపెడితే చలికి ప్రతి అక్షరం రెండుసార్లు పలికేది.

"ఏవయ్యా పైడయ్యా," అన్నాడు రెండోనాడే, గొంతు తగ్గించి. "ఈ హీటరేదో బాగుచేయించకూడదుటయ్యా?"

"చేయిస్తే మీ ఉద్యోగం పోతుంది పంతులుగారూ."

"ఉద్యోగం పోతే ఇంటికెడతాను. ప్రాణం పోతే ఎక్కడికి వెళ్ళను?"

ఇక పని మొదలైంది. నేను చెప్పుల్లేకుండా నడపాలి. హారను గంటతో సమానం కాబట్టి మూడుసార్లకు తక్కువ కొట్టకూడదు. వాంతయ్యే రోగిని ఎక్కించకూడదు. కారిపోయిన ఇంజను నీళ్ళు రోజూ నింపాలి కదా, నేను ఏడాది నుంచి అడిగినా ఒక్క డబ్బా ఇవ్వలేదు. ఇప్పుడు అభిషేక ద్రవ్యం పద్దు కింద పెట్టెలకి పెట్టెలు దిగాయి. తీర్థం తలమీద జల్లుకోవడానికి మాత్రమేనని డాక్టరమ్మ పట్టుబట్టి బోర్డు రాయించింది. కింది ఊళ్ళనుంచి జనం బస్సుల్లో వచ్చి జీపు చుట్టూ తిరిగేవాళ్ళు. రోగులు గోడవార కూర్చుని దర్శనాలు అయ్యేదాకా దగ్గేవాళ్ళు.

తర్వాత ఒక భక్తుడు ధర్మసందేహం లేవదీశాడు. వినాయకుడి ముఖం లోపలికి, మనవైపు ఉంది. అంటే జీపు ముందుకు పోతున్నప్పుడల్లా స్వామి వెనక్కి పోతున్నాడు.

మండలి సభ పెట్టింది. రెండు పూటలు వాదించారు. విగ్రహాన్ని తిప్పుదామని ఎవరో అన్నారట. స్వయంభువుని తిప్పడం అపచారమని కొట్టేశారు. సభ తీర్మానం భుజంగరావు స్వయంగా చదివి వినిపించాడు.

"స్వామివారు విముఖులై పయనించుట క్షేమకరము కాదు. కావున ఇకమీదట వాహనమును రివర్సు గేరునందు మాత్రమే నడుపవలెను."

"ఘాటీలోనా?" అన్నాను.

"ఎక్కడైనా."

"వెనక్కి నడిపితే మనుషులు చస్తారండీ."

"స్వామి ముందుకు వెళ్తుంటే ఎవరు చస్తారయ్యా?" ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇందులో మీకు మేలు కూడా ఉంది. ముందద్దం మీద ఆవిరి అని కదా మీ ఫిర్యాదు? రివర్సులో పోయేవాడికి ముందద్దంతో పనేముంది? హీటర్ కోర్ ఫైలు మూసేశాను. అవసరం తీరిపోయింది."

అంత గట్టిగా ఎవడైనా బుర్ర వాడితే ముచ్చటేస్తుంది.

ఆ సోమవారం జీపుని సంతలోంచి వెనక్కి నడుపుకుంటూ పోయాను. మెడ పట్టేసింది. మేకలు దారి ఇచ్చాయి. మనుషులు ఇవ్వలేదు, నిలబడి చూశారు.

"డైవరు బాబూ, బండి దేన్నో సూసి జడిసిందా ఏటి?" అంది అల్లం అమ్ముకునే ముసల్ది.

"అవును. ఆఫీసర్ని చూసి."

చిలకమ్మ ఆ సంతకే వచ్చింది, నిండు పొట్టతో. జీపు పక్కన నడిచింది. రివర్సులో పోయే జీపు కన్నా ఆమే జోరు.

"నన్నీ జీపులోనే దించమన్నాది డాక్టరమ్మ. ఇలాగే దించుతావా?"

"ముందుకే దించుతాను."

"వేడొత్తదా?"

నేను రోడ్డు చూసుకున్నాను. "చూద్దాం."

"సూద్దావంటే రాదన్నమాట," అంది. ఆమె పొట్టమీద చెయ్యి వేసుకుని నడుస్తుంటే తల తిప్పడం నాకు కష్టమైంది. అదీ రివర్సులో.

ఇంటికి పోయే ముందు డాక్టరమ్మ దగ్గర ఆగింది. డాక్టరమ్మ ఆమెని మళ్ళీ గూడెం ఎక్కొద్దని వార్డులోనే ఉంచేసింది. ఆ సంగతి భుజంగరావు చెవిన పడింది. అంతదాకా ఆయనకి తట్టలేదు, మా జీపు ఎక్కువగా ఎవర్ని మోస్తుందో. తట్టగానే కొత్త నిబంధనలు రాశాడు. రాత్రంతా కూర్చుని రాశాడని గుమాస్తా గొప్పగా చెప్పాడు.

"ప్రసవవేదనలో నున్న స్త్రీలు ఆలయ ప్రవేశమునకు అనర్హులు. ఏడవ నిబంధన: పురుడు మైల సోకినవారు, వారు ఎట్టివారైనను, పురుడు వెళ్ళువరకు చలనాలయమును సమీపించుట గాని, ఆలయ సంబంధమైన ఏ కాగితముపైనను సంతకము చేయుట గాని, నోటిమాటగానైనను ఉత్తర్వులిచ్చుట గాని చేయరాదు. ఈ నిబంధనకు మినహాయింపు లేదు."

డాక్టరమ్మ కాగితం పట్టుకుని ఆయన దగ్గరికి వెళ్ళింది. నేను గుమ్మంలో నిలబడ్డాను.

"సార్, ఈ జీపు ఉన్నదే కాన్పులకి."

"ఉండేది. ఇప్పుడు దాని స్థాయి పెరిగింది."

"మరి గర్భిణులు ఎలా వెళ్ళాలి?"

"నొప్పులు రాకముందు వెళ్ళవచ్చు. స్నానం చేసి, పొడిబట్టలు కట్టుకుని, ఆరోగ్యంగా ఉన్నవారికి ఏ అభ్యంతరమూ లేదు."

"ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి ఆసుపత్రి జీపెందుకు సార్?"

"దర్శనానికి," అన్నాడు ఆయన.

సరే, స్నానం చేయించి పొడిబట్టలు కట్టించి పొద్దున్నే దించేద్దామనుకున్నాం. చిలకమ్మకి ఆ పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. నీళ్ళు కాగకముందే.

జీపు చుట్టూ తాడు కట్టి ఉంది. అర్చకుడు లోపల ముడుచుకుని కూర్చున్నాడు. నేను తాడు కోసేశాను.

"పంతులుగారూ, దిగండి."

ఆయన చిలకమ్మని చూశాడు. ఆమె గోడ పట్టుకుని వంగి ఉంది. ఆయన దిగడమే కాదు, మేమిచ్చిన ఒక్క కంబళీ ఒంటిమీంచి తీసి సీటు మీద పరిచాడు.

"నేను ఇంకా నిద్ర లేవలేదు," అన్నాడు. "లేచాక అధికారికి చెబుతాను. ఇవాళ ఆలస్యంగా లేస్తాను."

గవర్రాజు ముందురోజే గొట్టాలు రెండూ కలిపి కట్టేశాడు. స్వామికి అభిషేక ద్రవ్యం దండగవుతోందని చెప్పి చేశాడట. ఆవిరి లేదు, జిడ్డు పెరగదు. వేడి కూడా లేదు. ఘాటీలో మంచు గోడలా నిలబడింది. నేను, వెనక చిలకమ్మ, పక్కన డాక్టరమ్మ, ముగ్గురి ఊపిరికి అద్దం తెల్లబడిపోయింది. తల కిటికీలోంచి బయటపెట్టి నడిపాను, ముందు గేరులోనే. కనురెప్పల మీద నీళ్ళు పేరుకున్నాయి. వెనక చిలకమ్మ అరుస్తోంది. అరుపుల మధ్యలో తిడుతోంది. మొగుణ్ణి, కొండని, నన్ను, జీపుని. వినాయకుణ్ణి మాత్రం వదిలేసింది. నేను వదల్లేదు.

నాలుగో మలుపు దగ్గర రోడ్డు పూర్తిగా కనిపించలేదు. ఆపేశాను.

"ఆపకు పైడయ్యా!" అంది డాక్టరమ్మ.

"లోయలోకి పోమంటారా?"

అక్కడే పుట్టింది. ఆడపిల్ల. ఏడవలేదు. డాక్టరమ్మ బిడ్డ కాళ్ళు పట్టుకుని వీపు రుద్దింది. ఎంతసేపో తెలియదు. నేను వెనక్కి తిరగలేదు. ఇలాంటి చోట వెనక్కి తిరిగి చూస్తే ఏమి కనిపిస్తుందో నాకు తెలుసు. అప్పుడు బిడ్డ ఏడ్చింది. కాకిలా ఏడ్చింది. తల్లి రవికెలోకి బిడ్డని దూర్చి, పైన కంబళీ, కంబళీ మీద డాక్టరమ్మ స్వెట్టరు, నా చొక్కా కప్పాం. మంచు పలచబడే దాకా చిలకమ్మ బిడ్డ నెత్తిమీద నోటితో ఆవిరి పడుతూనే ఉంది. జీపు ఇవ్వాల్సిన వేడి ఆమె ఇచ్చింది.

కింద రక్తం ఎక్కించారు. ఇద్దరూ దక్కారు.

మర్నాడు మధ్యాహ్నం భుజంగరావు పెద్దాసుపత్రి వార్డులోకి వచ్చాడు, విచారణకి. పక్కన అర్చకుడు. నన్ను మంచం పక్కన నిలబెట్టారు. ముద్దాయిని నేనే.

"నీ పేరు?" అని చిలకమ్మని అడిగాడు.

"సిలకమ్మ."

"గర్భాలయ సన్నిధిలో ప్రసవించిన మాట వాస్తవమేనా?"

"జీపులో కన్నాను."

"ఉద్దేశపూర్వకంగానా?"

ఆమె నావైపు చూసింది. "ఏటంటన్నాడు?"

"కావాలనే కన్నావా అని."

"కావాలనే కన్నాను. కాకపోతే తొమ్మిది నెల్లు మోసింది ఎందుకు?"

ఆయన అంతా రాసుకున్నాడు. కాగితం ముందుకు జరిపాడు. "వేలిముద్ర వెయ్యి."

ఆమె రెండు చేతుల్లోనూ బిడ్డ ఉంది. ఒకసారి కాగితాన్ని, ఒకసారి ఆయన్ని చూసింది.

"అయితే ఇది పట్టుకో," అని బిడ్డని ఆయన చేతుల్లో పెట్టేసింది.

చేతికిచ్చిన పసిబిడ్డని ఎవడైనా పట్టుకుంటాడు. అధికారి అయినా. ఆయన పట్టుకున్నాడు. బిడ్డ ఒకసారి ముక్కు చిట్లించి, ఆయన చొక్కా నుంచి జేబులోని కలం దాకా తడిపేసింది.

చిలకమ్మ నింపాదిగా వేలు సిరాలో ముంచి ముద్ర వేసింది. వేలు దుప్పటికి తుడుచుకుంది. అప్పుడు అర్చకుడు గొంతు సవరించుకున్నాడు.

"అయ్యా, ఏడవ నిబంధన."

"ఏమిటది?"

"పురుడు మైల సోకినవారు, ఎట్టివారైనను, అని తమరే వ్రాశారు. పురుడు వెళ్ళేదాకా తమరు చలనాలయాన్ని సమీపించరాదు. సంతకం పెట్టరాదు. నోటిమాటగా కూడా ఉత్తర్వు ఇవ్వరాదు."

"అది... నేను ఉద్దేశించింది..."

"అది ఉత్తర్వేనాండీ?" అన్నాడు అర్చకుడు చాలా వినయంగా. "ఉత్తర్వయితే చెల్లదు."

భుజంగరావు చేతుల్లో బిడ్డ నిద్రపోయింది. దాన్ని ఎవరికివ్వాలో తెలియక చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తీసుకుంటానని ఎవరూ అనలేదు.

ఆ సాయంత్రమే ఘాటీ ఎక్కాం. మైలపడిన గర్భాలయంలో స్వామి ఉండకూడదని అర్చకుడు తీర్పు చెప్పి, దారం పెట్టి వినాయకుణ్ణి డాష్‌బోర్డు నుంచి కోశాడు. తన గదిలో పొయ్యి పక్కన పెట్టుకున్నాడు. ఇద్దరికీ చలేనట.

మర్నాడు గవర్రాజు స్టీరింగు ఊడదీశాడు. సొరుగు, మీటర్లు, వైర్లు, నల్లటి డాష్‌బోర్డు మొత్తం. వార్డు దుప్పటి మీద అన్నీ వరసగా పరిచాడు. వెనక పెట్టెలోంచి పాత హీటర్ కోర్ బయటికి వచ్చింది. పచ్చగా పొక్కులు కట్టి, ఒక మూల తుప్పు తిని, సూది దూరేంత చిల్లి.

"ఇదేనా పైడన్నా మహిమ?" అన్నాడు గవర్రాజు, వెలుతురుకి ఎత్తి.

"లోపల పెట్టు దాన్ని. ఎవరైనా చూస్తే గుడి కడతారు."

కొత్తది బిగించాడు. దీపాల వేళకి అయిపోయింది. నేను సలహాలివ్వలేదు.

పురుడు వెళ్ళాక భుజంగరావు వచ్చాడు. చెప్పులు విడిచి, తలుపు తీసి, ముక్కు లోపలికి పెట్టాడు. ధూపం లేదు. పరిమళం లేదు. కింద పట్టా పొడిగా ఉంది. వేడిగాలి మాత్రం కొట్టింది, ఆయన కళ్ళజోడు మసకబడింది. మూడు లక్షణాలూ పోయాయి కాబట్టి గుర్తింపు పోయింది. చిలకమ్మని ఇంటికి తీసుకెళ్ళడానికి పెద్దాసుపత్రి వాకిట్లో నిలబడి ఉన్న రోజున నాకు మెమో అందింది. "స్వయంభూ మహిమను అనుమతి లేకుండా మరమ్మతు చేసినందుకు మీపై ఏల చర్య తీసుకొనరాదో" తెలపాలట. మడిచి, కుదురుగా లేని సీటు కాలి కింద పెట్టాను.

చిలకమ్మ బిడ్డతో ముందు సీట్లో కూర్చుంది. ఘాటీ ఎక్కుతుంటే మంచు మళ్ళీ దిగింది. అద్దం తేటగా ఉంది. రోడ్డంతా కనిపిస్తోంది. నాలుగో మలుపు దాటాను. ఆమె కాళ్ళు అటూ ఇటూ జరుపుకుంది. బిడ్డ మీద గుడ్డ ఒకటి తీసింది, రెండోది తీసింది.

"కాళ్ళు కాల్తన్నాయి బాబూ. తగ్గించు."

నేను తగ్గించలేదు.

"ఇదిగో సూడు, సంటిగుంటకి సెమటలు పడతన్నాయి."

"పట్టనీ," అన్నాను.